మోయ్‌నోక్ వేసుకున్న చొక్కా

కొండల మీది సోంకోల్ సరస్సు పక్కన వేసవి మేతకు మందల్ని తోలుకొచ్చి గుడారాలు వేసుకునే జనంలో కలీపాలు ఇద్దరు. ఒకామె ఉత్త కలీపా. రెండో ఆమె ఐదు మెగాపిక్సెళ్ల కలీపా. నేను చెప్పబోయేది రెండో ఆమె గురించి.

ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. కొడుకు తలాయ్ ఈడు మళ్లిన గుర్రాన్ని అమ్ముకొస్తానని బిష్కెక్ పట్నం వెళ్లాడు. వచ్చేటప్పుడు గుడారానికి కొత్త పొయ్యి తెస్తాడనుకుంటే, అరచేతిలో పట్టే ఐదు మెగాపిక్సెళ్ల కెమెరా ఫోను తెచ్చాడు. కలీపా తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. "సిగ్నలే లేని కొండ మీద ఫోనెందుకురా, దాంట్లో మాంసం ఉడకేస్తావా?" అంది. కోపం చల్లారాక ఒకసారి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అంతే, ఆ ఫోను మళ్లీ తలాయ్ చేతికి దక్కలేదు.

నిజానికి అది ఫోనన్న మాటే గానీ చేసే పనులన్నీ వేరు. వెనకవైపు గాజు కన్ను, దాని మీద జరిపే మూత. మూత జరిపితే చాలు, ఫోను కెమెరా అయిపోయేది. గుడారంలో ఎంత చీకటి ఉన్నా ఫ్లాష్ వేస్తే ముసలివాళ్ల మొహాలు ముడతలతో సహా పడేవి. దూరాన మేస్తున్న గుర్రాన్ని దగ్గరికి లాగి చూపించేది. పాటలు పాడేది, రేడియో పట్టేది, వీడియో తీసేది, తీసిన వీడియోని కత్తిరించి అతికించేది కూడా. గోరంత కార్డులో ఇవన్నీ దాచుకునేది. కారు బ్యాటరీకి తగిలిస్తే దాని కడుపు నిండేది. మాట్లాడాలంటే మాత్రం గుట్ట ఎక్కాలి. కలీపా ఆ గుట్ట ఎక్కిన పాపాన పోలేదు.

చదువు అంతంతమాత్రమైన మనిషి ఇదంతా ఎలా నేర్చుకుందని అడిగితే, మీటలన్నీ నొక్కి నేర్చుకుంది, ఇంకెలా నేర్చుకుంటుంది! నేర్చుకున్నాక ఊరుకుందా? పెళ్లికి పిలిచినా పిలవకపోయినా ఆమె ఫోను ముందు నడిచేది, వెనక ఆమె నడిచేది. పుట్టిన ప్రతి గుర్రప్పిల్లకీ ఫొటో. ఫొటోకి నిలబడ్డవాళ్ల మీద ఆమె పెత్తనం చూడాలి. "గడ్డం ఎత్తు! ఆ చూపేంటి, అప్పిచ్చినవాడు ఎదురొచ్చినట్టు? నవ్వు! అంత నవ్వకు, పన్ను లేదని తెలిసిపోద్ది!" నేర్చుకుంటామని వచ్చిన ఆడవాళ్ల వేలు పట్టుకుని మీట మీద పెట్టి మరీ నేర్పేది. "సగం నొక్కు. ఊపిరి బిగబట్టు. ఇప్పుడు మిగతా సగం." వాళ్ల వేళ్లు తడబడితే, "మళ్లీ" అనేది. ఎన్నిసార్లయినా విసుక్కోకుండా "మళ్లీ" అనేది. తిట్లలో ఎంత దుబారాయో నేర్పడంలో అంత ఓర్పు ఆమెకి.

ఆమె కోడలు సైకాల్. పెద్ద ఆడవాళ్లని మా దగ్గర అమ్మా అన్నట్టు అపా అంటారు, అత్తనీ అలాగే పిలిచేది. నెమ్మదైన పిల్ల. మొదటి కాన్పు నిలవలేదు. రెండోసారి కడుపు పండితే కలీపా ఆమె చేత నీళ్ల బకెట్ కూడా ఎత్తించలేదు. కింద ఊళ్లో కాన్పయ్యి మగపిల్లవాడు పుట్టాడు. తురార్ అని పేరు పెట్టారు, అంటే ఉండిపోయేవాడని. మొదటి బిడ్డ ఉండలేదు కాబట్టి, వీణ్ణి పిలిచిన ప్రతిసారీ ఉండమని అడిగినట్టు ఉంటుందని కలీపాయే ఎంచిన పేరది.

బిడ్డని కొండ మీదికి తెచ్చిన రోజు చొక్కా వేడుక జరిగింది. పుట్టిన బిడ్డకి తొడిగే మొట్టమొదటి చొక్కాని మావాళ్లు కుక్క చొక్కా అంటారు. ముందు కుక్క మెడకి వేసి, ఆ తర్వాతే బిడ్డకి తొడుగుతారు, కుక్కకున్న గట్టి ప్రాణం బిడ్డకీ రావాలని. వీళ్ల కుక్క మోయ్‌నోక్ మందని కాసే మోటు జంతువు, తోడేలుతో కలబడి చెవి పోగొట్టుకున్న ఘనుడు. దాని మెడకి అరచేయంత తెల్లచొక్కా తగిలించేసరికి సిగ్గుతో తల వంచి, గుండ్రంగా తిరిగి తిరిగి, ఆఖరికి కలీపా కాళ్ల మధ్య దూరింది. చుట్టూ ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. కలీపా నవ్వుతూనే అదంతా వీడియో తీసింది. సాయంత్రానికల్లా బ్లూటూత్‌లో ఆ వీడియో చుట్టుపక్కల గుడారాలన్నిటికీ పాకింది. ఒరొజాలీ అనే ముసలాయన కూతురిచ్చిన ఫోనుని టార్చిలైటుగా తప్ప వాడడు, ఆయన ఫోన్లో కూడా కలీపా తన చేత్తోనే ఎక్కించి వచ్చింది.

కానీ బిడ్డకి మాత్రం ఫొటో లేదు. నలభై రోజులు నిండాలి. నలభై చెంచాల నీళ్లు పోసి స్నానం చేయించాలి, జనానికి భోజనాలు పెట్టాలి. అప్పటిదాకా బయటి కన్ను బిడ్డ మీద పడకూడదు. కెమెరా బయటి కన్ను కిందికొస్తుందా, ఇంటి కన్ను కిందికొస్తుందా అని మా దగ్గర ఎవరూ ఎప్పుడూ వాదించుకోలేదు. కలీపా మాత్రం బయటిదేనని తేల్చేసింది. గొర్రెతోకని కూడా వదలని మనిషి, ఉయ్యాల దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోనుని గుడారం బయటే పెట్టి వెళ్లేది.

నలభై దగ్గర పడుతోందని ఆమె సంబరం చెప్పనలవి కాదు. ఆ రోజు తీయబోయే ఫొటోలకి కార్డులో చోటుండాలని కూర్చుని పాతవన్నీ తుడిచింది. గుర్రాలు పోయాయి, గొర్రెలు పోయాయి, ఎవరెవరివో పెళ్లిళ్లు కొన్ని పోయాయి. మోయ్‌నోక్ వీడియో అన్నిటికన్నా ఎక్కువ చోటు తింటోంది. 'మనవడే రాబోతుంటే కుక్క ఎందుకు' అనుకుని దాన్నీ తుడిచేసింది.

ఆ వారంలోనే రెండు రోజులు విడవకుండా చలివాన పట్టింది. బిడ్డకి దగ్గు మొదలయ్యి, ఊపిరి అందడం కష్టమైంది. తలాయ్ కారు తీశాడు. కొండదారి బురదలో కారు దిగబడుతూ లేస్తూ వెళ్లింది. ఊరు చేరకముందే, తల్లి ఒళ్లోనే బిడ్డ పోయాడు. నలభై ఇంకా నిండలేదు. ఉండిపొమ్మని పేరు పెట్టుకున్నా ఉండలేదు.

ఆ తర్వాత సైకాల్ ఏడవలేదు, ఎవరినీ నిందించలేదు. వండింది, పాలు పితికింది, అడిగినదానికి జవాబు చెప్పింది. పాలు చేపుకొచ్చి సలుపుతుంటే గుడ్డతో గట్టిగా బిగించి కట్టుకుంది. ఒక మధ్యాహ్నం, "అపా, ఆ ఫోను ఒకసారి ఇస్తారా?" అని అడిగింది. కలీపా ఇచ్చింది. సైకాల్ వాకిట్లో కూర్చుని మిగిలిన ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా తెరిచి, పెద్దవి చేసి, మూలలు వెతికింది. ఎవరి వెనకైనా ఉయ్యాల అంచు పడిందేమో, ఎవరి చేతుల్లోనైనా పొరపాటున ఒక చిన్న కాలు పడిందేమో అని. సోంకోల్‌లో ఉన్న ప్రతి మొహమూ ఆ ఫోన్లో ఉంది. వాడి మొహం లేదు.

"నాకు వాడి ముక్కు మర్చిపోయినట్టుందపా," అని ఫోను తిరిగి ఇచ్చేసింది. "పొద్దున్నుంచీ తలుచుకుంటున్నా, రావట్లేదు."

కలీపా ఫోను అందుకుంది. ఎదురుగా చూస్తున్న పిల్లకి బిడ్డ మొహాన్ని దక్కకుండా చేసింది తనే. దిష్టి తగలకూడదని దాచింది, దాచి ఏం కాపాడింది? ఆ ఆలోచనలోనే ఆమెకి ఒక్కసారి గుర్తొచ్చింది. మోయ్‌నోక్ తిరుగుతున్నప్పుడు గుడారం లోపల బిడ్డ ఏడ్చాడు. వీడియోకి చెవులు కూడా ఉంటాయి. మొహం లేకపోతే పోయింది, వాడి గొంతు ఉంది. ఆ గొంతునే తన చేత్తో తుడిచేసింది.

కోడలికి చెప్పలేదు. పంచిన వీడియో ఎవరి ఫోన్లోనూ దొరక్కపోతే ఆమె బిడ్డని రెండోసారి పోగొట్టుకున్నట్టవుతుంది. గుర్రమెక్కి బయల్దేరింది.

ముందు జుమాదిల్ గుడారానికి వెళ్లింది. ఆ కుర్రాడు పెద్ద వేళాకోళం మనిషి. కుక్క వీడియోని అందరికన్నా ఎక్కువమందికి పంపింది వాడే. కలీపా అడగ్గానే వాడి మొహం ఎర్రబడింది. "అపా, మీ ఇంట్లో అంత ఘోరం జరిగాక ఆ నవ్వులాట వీడియో నా ఫోన్లో పెట్టుకుంటానా? ఆ రోజే తుడిచేశా. నా దగ్గర తీసుకున్నవాళ్లందరికీ కూడా చెప్పా, తుడిచెయ్యండ్రా, సిగ్గుండాలి మనకి అని."

"మంచి పని చేశావు నాయనా," అంది కలీపా. ఇంకేం అనగలదు?

పక్క గుడారంలో అదే మాట. వాగు అవతల గుడారాల్లోనూ అదే. కొందరు ఆమెని లోపలికి తీసుకెళ్లి, రొట్టె ముందు పెట్టి, తుడిచేశామని ఒట్టేసి మరీ చెప్పారు. ఎవరైనా దాచుకున్నారేమో చూసి గొడవ పెట్టుకోవడానికి వచ్చిందని వాళ్ల భయం. మా సోంకోల్‌లో అంతమంది మర్యాదస్తులున్నారని నాకు కూడా అప్పుడే తెలిసింది. ఒక్క సిగ్గులేనివాడుంటే ఎంత బావుండేది!

ఆఖరికి మిగిలింది ఒరొజాలీ ముసలాయన. కలీపాని చూడగానే ఆయన కంగారుగా పరుపుకింద నుంచి ఫోను తీసి రెండు చేతులతో ఆమెకి అందించాడు.

"వస్తావని తెలుసమ్మా. అందరూ తుడిచేశారట. నాకు తుడవడం చేతకాదు, పచ్చది నొక్కితే మోగుద్ది, ఎర్రది నొక్కితే ఆగుద్ది, అంతే నాకు తెలుసు. ఎవరినైనా అడుగుదామంటే, ఇంకా పెట్టుకున్నావా ముసలోడా అంటారని సిగ్గేసింది. నువ్వే తుడిచెయ్యి తల్లీ. నామీద కోపం పెట్టుకోకు."

కలీపా అక్కడే కూలబడి ఆ ముసలాయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయనకేమీ అర్థం కాక, "తుడిచేద్దాంలే, తుడిచేద్దాం," అంటూ ఆమె వీపు నిమిరాడు.

ఏడుపు ఆపుకుని వీడియో పెట్టింది. మోయ్‌నోక్ గుండ్రంగా తిరుగుతోంది. జనం నవ్వుతున్నారు. లోపలి నుంచి బిడ్డ ఏడుపు, సన్నగా, కోపంగా. గుక్కపట్టి, తిప్పుకుని, మళ్లీ. దాని వెంటే సైకాల్ గొంతు, బతిమాలుతూ: "అపా, వాణ్ణి కూడా ఒక్కటి తియ్యండపా. ఒక్కటే." ఆ తర్వాత అన్నిటినీ మింగేస్తూ కలీపా గొంతు, నవ్వుతూ: "నలభై నిండనీ అమ్మాయ్! ఎక్కడికి పోతాడు, పారిపోతాడా?"

ఆ మాట అన్నట్టు ఆమెకి గుర్తే లేదు.

వీడియోని తన ఫోన్లోకి ఎక్కించుకుని బయల్దేరింది. దారిలో గుర్రాన్ని ఆపి కత్తిరించాలని చూసింది. ఫోన్లో కత్తెర ఉంది, వాడటం ఆమెకి బాగా వచ్చు. తన గొంతు మొదలైన చోట కోసేస్తే కోడలు ఆ మాట వినక్కర్లేదు. కానీ తన మాటల కింద కూడా బిడ్డ ఏడుస్తూనే ఉన్నాడు. తనని కోస్తే వాడూ తెగిపోతాడు. అసలే అంత కొంచెం ఉన్నదాంట్లో ఇంకా కొయ్యడానికి ఆమెకి చెయ్యి రాలేదు. ఫోనుని అంగీ లోపల దోపుకుని గుర్రాన్ని అదిలించింది.

సైకాల్ పొయ్యి దగ్గర ఉంది. కలీపా ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుని వీడియో పెట్టి చేతికిచ్చింది. కుక్కని చూసి సైకాల్ మొహం చిట్లించింది. ఇదెందుకు తెచ్చారన్నట్టు తలెత్తబోయింది. అంతలో లోపలి నుంచి ఏడుపు వచ్చింది.

సైకాల్ బిగించి కట్టుకున్న గుడ్డని దాటుకుని పాలు జివ్వున దిగి, గౌను ముందుభాగమంతా తడిసిపోయింది. ఆమె తుడుచుకోలేదు. వీడియో చివరిదాకా వింది, తన గొంతూ, అత్తగారి గొంతూ. మళ్లీ పెట్టింది. మళ్లీ విన్నది. కలీపా ఆమె వైపు చూడలేక పొయ్యి వైపు చూస్తూ కూర్చుంది. తిడితే బావుండు, ఫోను మొహాన కొడితే బావుండు అనుకుంది.

ఎన్నోసారో విన్నాక సైకాల్ అడిగింది: "అపా, మీ గొంతు రాకముందే దీన్ని ఆపాలంటే ఎలా?"

ఆ గొంతులో కోపం లేదు. ఫ్లాష్ ఎలా వెయ్యాలని ఊళ్లో ఆడవాళ్లు అడిగినట్టే అడిగింది.

కలీపా కోడలి బొటనవేలు పట్టుకుని మధ్య మీట మీద పెట్టింది.

"నువ్వు 'ఒక్కటే' అంటావు కదా, వాడు అక్కడ గుక్క తిప్పుకుంటాడు. వెంటనే నొక్కాలి."

సైకాల్ పెట్టింది. కుక్క తిరిగింది, జనం నవ్వారు, బిడ్డ ఏడ్చాడు. సైకాల్ నొక్కింది.

"కొంచెం ఆలస్యం చేశావమ్మాయ్," అంది కలీపా. "నా 'నలభై'లో 'న' వినపడింది. మళ్లీ."