మగ్గం ఆగాకే చీపురు

ఇష్బెల్ కోపం మెట్ల మీదే వినిపించేది. ఆ బూట్ల చప్పుడుకి స్కాట్లండ్‌లోని డండీ ఊళ్ళో మా ఆఫీసులో టీ కప్పులు కూడా ఊపిరి బిగబట్టేవి.

అది 1985 వసంతం. మా యజమాని గత్రీ ఒక కంపైలర్ రాశాడు. మనం రాసిన ఆదేశాలను అది యంత్రానికి అర్థమయ్యేలా మారుస్తుంది. ప్రోగ్రామ్ వాడి వదిలేసిన మెమరీని తనంతట తానే ఊడ్చుకుంటుంది. అదే అతని గర్వం. ఊడుస్తున్నంతసేపూ మాత్రం మిగతా పనంతా ఆగిపోయేది.

ఇష్బెల్ దానితోనే తిమింగలాల వేట ఆట రాస్తోంది. అంతకుముందు కర్మాగారంలో ఆ ఆట నడిచే కంప్యూటర్లకే చిప్పులు అతికించింది; లోపల చోటు ఎంత ఇరుకో ఆమె వేళ్ళకు తెలుసు. ఆటలో మంచుగడ్డల నడుమ, తెల్లటి నిశ్శబ్దంలోకి జారుతున్న పడవ హఠాత్తుగా బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి మంచుగడ్డకు కొట్టుకుని మునిగేది. శుక్రవారంలోగా సరికాకపోతే ఆట రద్దు.

"అర సెకనేగా అమ్మాయ్! దీంతో జీతాల పట్టీలు వేసే ఆఫీసులవాళ్ళెవరూ అడగలేదే," అన్నాడు గత్రీ, మాంసం కూరిన కజ్జికాయలాంటి బ్రైడీ కొరుకుతూ.

"జీతాల పట్టీకి మంచుగడ్డ తగలదు. ఆ తినేది పక్కన పెట్టి మీరే ఆడండి."

ఆడాడు. మూడుసార్లు మునిగాడు. నాలుగోసారి కీబోర్డును గుద్దాడు. "నేను తిప్పాను! ఇదే వినలేదు!"

"మూడు నెలలుగా నేను మొత్తుకుంటున్నది అదే!" అంది ఇష్బెల్. "మా అమ్మ ముప్ఫయ్యేళ్ళు జనపనార మిల్లులో నేసింది. మగ్గం నడుస్తుంటే ఎవరైనా దాని కింద ఊడుస్తారా? వేళ్ళు పోతాయి. శనివారం మగ్గం ఆగాకే చీపురు. ఆటలో ఒక్కో మజిలీకి కావలసిన మెమరీని ఒక్కచోట పెట్టుకోనివ్వండి. మజిలీ దాటాక, నేను చెప్పినప్పుడు, మొత్తం ఒకేసారి ఊడ్చేయండి."

గత్రీదీ ఈ ఊరే. మగ్గం సంగతి అతనికీ తెలుసు. మిగిలిన బ్రైడీని చెత్తబుట్టలో పడేసి పనిలో కూర్చున్నాడు.

గురువారం మధ్యాహ్నం పడవ ఎక్కడా ఆగకుండా ఉత్తరానికి సాగిపోయింది.

జూన్‌లో కంపైలర్ వాడకం పుస్తకం అచ్చయి వచ్చింది. అందులో ఇలా ఉంది: 'చెప్పినప్పుడే ఊడ్చే సౌకర్యం, కార్యాలయాల్లోని మా వినియోగదారుల కోరికపై.'

"ఆట కోసమంటే కొనేవాళ్ళు నవ్వుతారమ్మాయ్," అన్నాడు గత్రీ.

ఇష్బెల్ అట్టపెట్టెల మధ్య నేల మీద కూర్చుని, ఎర్ర కలంతో ప్రతి పుస్తకంలోనూ ఆ వాక్యం కొట్టేసి, 'పడవ కోసం' అని రాయసాగింది. నేను పెట్టెలు విప్పి అందించాను. గత్రీ వంగి పుస్తకం లాక్కోబోయాడు.

"వేళ్ళు జాగ్రత్త," అంది ఇష్బెల్, తలెత్తకుండా.