కంబళి మీద కూర్చోని పెద్దమనుషులు

నా చిన్నప్పుడు చైనా అని ఒకటుందనీ, అమెరికా అని ఇంకొకటుందనీ మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా మాకు లోటు లేదు. తమిళనాట వాడిపట్టి దగ్గర మా ఊళ్ళో తూర్పున ఒక పెద్ద ఇల్లు, పడమట ఒక పెద్ద ఇల్లు ఉండేవి. వాటి మధ్య మావి ఐదు చిన్న ఇళ్ళు. మా ఐదిళ్ళకీ కలిపి ఒక బావి. నడివేసవిలో ఊళ్ళో బావులన్నీ అడుగంటినా మా బావిలో మాత్రం నిలువెత్తు నీళ్ళుండేవి. మా మిరపతోట, మా పశువులు, మా తిండి అన్నీ ఆ నీళ్ళతోనే. ఆ బావి మీద ఇద్దరి కన్నూ ఉండేది.

తూర్పింటాయన ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవాడు. ఎవరింటికి వచ్చినా బెల్లం బుట్ట తెచ్చేవాడు. మా బావి పక్కగా సంతకు బండిబాట వేయిస్తాననీ, కూలీలూ రాళ్ళూ అన్నీ తనవేననీ, ఇదంతా మా మంచికేననీ చెప్పేవాడు. పక్క ఊరికీ అలాగే వాళ్ళ మంచికే బాట వేయించాడు. ఆ బాట చివర ఇప్పుడొక గేటు, ఆ గేటుకి ఆయన తాళం. పడమటింటాయన నవ్వేవాడు కాదు, ఉపన్యాసం ఇచ్చేవాడు. మనం స్వతంత్రులం, ఎవడి బాటా మనకొద్దు, నా మనుషుల్ని ఇద్దరిని మీ బావి దగ్గర కాపలా పెడతాను అనేవాడు. న్యాయం అన్న మాట ఆయన నోట్లో తమలపాకులా ఎప్పుడూ నలుగుతూ ఉండేది. సొంత తమ్ముడి గట్టును దున్ని కలుపుకున్న మనిషి ఆయన.

ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదని ఊరంతా చెప్పుకునేది. జాతరలో ఒకరు నిలబడ్డ వైపు రెండోవారు నిలబడేవారు కాదు. కానీ తూర్పింటి పత్తి ఏటా పడమటింటి మిల్లులోనే గింజ తీయించుకునేది. ఆ బండ్లు ఒక్క ఏడాది కూడా ఆగలేదు. ఇంత పెద్ద శత్రుత్వం బండెద్దులకు మాత్రం తెలియకుండా ఎలా దాచారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మా తాతయ్య మాత్రం ఆ రోజుల్లో మహా సంతోషంగా ఉండేవాడు. ఒకరి బెల్లం, ఇంకొకరి పొగాకు. ఇద్దరూ తన అరుగు మీదికి వచ్చి కూర్చుంటున్నారంటే తానే ఊరిని నడుపుతున్నానని అనుకున్నాడు పాపం. పొద్దున ఒకరికి సరే అన్నాడు, సాయంత్రం రెండోవారికీ సరే అన్నాడు. ఇద్దరూ ఒకే శుక్రవారం పొద్దున మనుషులతో వస్తామన్నారు. ఆ సంగతి మా అవ్వకు గురువారం మధ్యాహ్నం తెలిసింది. ఆవిడ వెంటనే అటక మీద నుంచి నల్ల కంబళి దింపి, దులిపి, ఎండలో వేసింది.

మావాళ్ళు ఎన్నో తరాల కిందట తెలుగుదేశం నుంచి దిగివచ్చినప్పుడు ఏం తెచ్చుకున్నారో ఏం పోగొట్టుకున్నారో నాకు తెలియదు గానీ, ఈ కంబళి కట్టుబాటు మాత్రం విడవలేదు. తగవు తీర్చాలన్నా మాట ఇవ్వాలన్నా నల్ల కంబళి పరిచి, దాని మీద ఇత్తడి చెంబుతో నీళ్ళు పెడతారు. చెప్పులు విప్పి దాని మీద కూర్చుని చెప్పిన మాటను మళ్ళీ వెనక్కి తీసుకోకూడదు. పరిచిన కంబళిని ఎవరూ దాటకూడదు, తొక్కకూడదు; అడిగిన మాట ఇవ్వనివాళ్ళు దాని పక్కగా కూడా పోకూడదు.

శుక్రవారం పొద్దున్నే అవ్వ ఆ కంబళిని మా బావికి వెళ్ళే సందులో పరిచింది. రెండు ముళ్ళకంచెల మధ్య ఒక్క బండి పట్టేంత సందు అది. దాదాపు పూర్తిగా నిండిపోయింది. కంచె ఓరగా ఒక మనిషి ఒదిగి నడిచేంత చోటు మాత్రం మిగిలింది. కంబళి నడుమ చెంబు పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. గడ్డపారలతో తూర్పింటివాళ్ళు ఈ పక్క నుంచి, కర్రలతో పడమటింటివాళ్ళు ఆ పక్క నుంచి వచ్చి సందు మొదట్లోనే ఆగిపోయారు.

"ఏమక్కా, కంబళి పరిచుండావే, పంచాయత్తా?" అన్నాడు తూర్పింటాయన, నవ్వుతూనే.

"పంచాయత్తు ఏమీ లేదు తంబీ. మా ఆయన కాడ చెప్పిండే మాటనే ఇద్దరూ దీని మీద కూసోని ఒక తూరి చెప్పండి. బావి మాదేనని, ఎప్పటికీ మాదేనని. చెప్పేసి పని మొదలుపెట్టుకోండి."

తూర్పింటాయనకు ఉన్నట్టుండి మోకాలి నొప్పి వచ్చింది. కింద కూర్చోవడం కుదరదన్నాడు. పడమటింటాయన గొంతు సవరించుకుని, తన న్యాయం ఊరంతటికీ తెలుసనీ, తన మాటకు కంబళి అక్కర్లేదనీ చెప్పాడు. నేను వాళ్ళ మొహాలే చూస్తున్నాను. అవ్వ నా తల కిందికి వంచింది.

"మొగం ఏంటికి చూస్తావు కన్నూ? కాళ్ళు చూడు. చెప్పులు ఇప్పుతారేమో చూడు."

చూశాను. ఒకరివి కిర్రుచెప్పులు, ఇంకొకరివి కొత్త తోలు చెప్పులు. నాలుగూ కదల్లేదు.

తరువాత జరిగింది ఇంకా బాగుంది. జాతరలో ఎదురుపడని ఆ ఇద్దరూ కాస్త దూరం వెళ్ళి, ఒకే డబ్బాలోంచి వక్కాకు వేసుకుంటూ మాట్లాడుకున్నారు. పక్కపక్కనే నడుస్తూ తిరిగి వచ్చారు.

"ఇద్దరం సేరి ఒక ముడివుకి వచ్చినామక్కా. బావిని మేమిద్దరం చూసుకుంటాము. మీకూ ఒక మురై వస్తాది" అన్నారు. అదీ వాళ్ళ నిర్ణయం, మా బావిలో మాకే వంతు ఇస్తారట!

"రొంబ సంతోషం. ఆ ముడివు కూడా దీని మీదనే కూసోని చెప్పండయ్యా" అంది అవ్వ.

ఇద్దరూ ఎవరి దారిన వారు వెళ్ళిపోయారు. అవ్వ కంబళి తీయలేదు. వానలు పడేదాకా అక్కడే ఉంచింది. మేము వట్టి కాళ్ళతో కంచె ఓరగా నడిచి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళం. వాళ్ళ మనుషులు మళ్ళీ రెండుసార్లు వచ్చారు. వాళ్ళూ మావాళ్ళే కాబట్టి కంబళిని చూసి తిరిగిపోయారు. బావి మాకు దక్కింది. తాతయ్య ఆ తరువాత ఎవరి పొగాకూ ముట్టలేదు, అవ్వ ఎదుట చాలా రోజులు తలెత్తలేదు.

ఇప్పుడు నేను తిరుప్పూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడి బనియన్ల కంపెనీలో మిషన్లు చైనావి, సరుకు పోయేది అమెరికాకి. ఒకరు ఊరూరా రోడ్లు, రేవులు కట్టిస్తూ అంతా మీ మంచికే అంటారు. ఇంకొకరు స్వేచ్ఛ అంటూ ఉపన్యాసం ఇస్తారు. ఒకరినొకరు తిట్టుకుంటూనే సరుకు మాత్రం ఓడల్లో పంపుకుంటారు. వాళ్ళు పోట్లాడుకున్నప్పుడు మా దగ్గర ఆర్డర్లు ఆగి, కుట్టే పిల్లలు ఖాళీగా కూర్చున్నారు. రాజీ పడ్డారన్న రోజున కూడా ఖాళీగానే కూర్చున్నారు. మా అబ్బాయి మాత్రం, "అమ్మా, ఇద్దరికీ మనమే వేణుమమ్మా, మనమే కావల్ల" అని మురిసిపోతాడు. అచ్చం తాతయ్య మొహమే.

మొన్న టీవీలో ఆ రెండు దేశాల పెద్దలు చేతులు కలిపారు. ఇంట్లో అందరూ ఆ చేతులకేసి చూశారు. నేను కాళ్ళకేసి చూశాను. తళతళలాడే బూట్లు, నాలుగూ నాలుగే. ఒక్కటీ విప్పలేదు.