అక్క గుడ్డలు, నా ఆటో

ఆ రోజుల్లో గోదావరిఖనిలో నా అంత తెలివైనవాడు లేడని గట్టిగా నమ్మిన మనిషి ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి నేను రోజూ ఆటో అద్దంలో చూసి తల దువ్వుకునేవాణ్ణి. కొత్తగా ఆటో చేతికొచ్చిన వయసు, నోటికి బ్రేకు లేదు. ఎక్కినవాళ్లను నవ్వించకుండా దింపితే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

మా గల్లీ ఓపెన్‌కాస్టు బొగ్గుబాయికి దగ్గర. మధ్యాహ్నం బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగుతుంది. మోగిందంటే ఆడవాళ్లంతా పొయ్యి మీద ఏమున్నా వదిలేసి తీగల మీది బట్టల కోసం పరుగెత్తాల్సిందే. ఆలస్యమైతే బొగ్గు దుమ్ము పడి తెల్ల చొక్కా కూడా బాయిలో డ్యూటీ చేసొచ్చినట్టు తయారవుతుంది. ఒకరోజు అమ్మా, అక్కా ఇంట్లో లేని వేళ నేను అన్నానికొచ్చాను, సైరన్ మోగింది. ఇంటికి పెద్దదిక్కులా వెళ్లి బట్టలు లాగుతుంటే, అమ్మ చీర కింద పొడుగ్గా మడిచి కుట్టిన మెత్తని నూలు గుడ్డలు కనిపించాయి. సబ్బు వాసన, ఎండ వేడి. (ఆటో తుడవడానికే కుట్టిపెట్టారనుకుని, నా ఆటో మీద ఇంట్లో ఇంత ప్రేమ ఎవరికుందా అని కళ్లు చెమర్చాయి కూడా.) కొన్నింటితో ఆటో అద్దాలు తుడిచి, ఒకదాన్ని చెమటకని మెడకు స్టైలుగా చుట్టుకుని చౌరస్తాకు బయల్దేరాను.

ఆ పూట పేలినట్టు నా జోకులు ఎన్నడూ పేలలేదు. నేను నోరు తెరవకముందే వెనక సీట్లో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుంటున్నారు. చివరికి పక్కింటి అత్త దిగుతూ, "అల్లుడా, మెడల గా గుడ్డ ఇంటికి పోయినంక మీ అక్కకు చూపియ్యి. మస్తు సంబురపడ్తది," అంది.

సంబురపడలేదు. చూసి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. అమ్మ నెత్తి కొట్టుకుంది. "చెప్పిన గదనే! బయట ఆరేస్తే ఇజ్జత్ పోతదంటే విన్నవా? ఇగ ఎప్పటి లెక్క మంచం కిందనే ఆరెయ్యి."

"మంచం కింద సరిగ్గ ఆరకనే గదా అవ్వా, నాకీ పుండ్లు!" అంది అక్క. (అమ్మను మేం అవ్వా అనే పిలుస్తాం.) "దవాఖానల డాక్టరమ్మ ఏం చెప్పింది? ఆరని పచ్చి గుడ్డ పెట్టుకుంటే దురద తగ్గది, సబ్బుతోని ఉతికి మంచిగ ఎండల ఆరెయ్యాలె అన్నది. ఇప్పుడిప్పుడే నయమైతున్నది..." అంటూ నా వైపు తిరిగింది. "అవి నా నెలసరి గుడ్డలురా, నీ అద్దాల గుడ్డలు కావు!"

ప్రతి నెలా అక్క గోడ పట్టుకుని ఎందుకు నడిచేదో నాకప్పుడు తెలిసింది. జోకు తప్ప వేరే విద్య లేనివాణ్ణి కదా, దాన్నే నమ్ముకున్నాను. "అవ్వా, గల్లీ అంత నవ్వింది నన్ను చూసి, అక్కను చూసి కాదు. అడిగినోళ్లకు అవన్ని మావోని ఆటో గుడ్డలని చెప్పు. పోతే నా ఇజ్జత్ పోతది, అది ఉన్నదెప్పుడు? అక్కకు మాత్రం ఎండ బందు పెట్టకు."

మర్నాడు నేను కొత్త నూలు బట్ట తెచ్చిస్తే అమ్మే చించి, కుట్టి, ఉతికి తీగ మీద వేసింది. పైన చీర కప్పబోయి, ఆ చీరను పక్కకు జరిపింది. సాయంత్రం పక్కింటి అత్త వస్తే మళ్లీ నవ్వడానికే అనుకున్నాను. ఆమె గొంతు తగ్గించి, "వదినా, డాక్టరమ్మ ఏం చెప్పింది? నా బిడ్డకు గూడ గదే తిప్పల," అంది. ఇక చూడండి, ఆటో లేని ఇళ్ల తీగల మీద కూడా ఆటో గుడ్డలు ఆరడం మొదలైంది!

ఇప్పుడు అక్క కూతురు ప్యాడ్ల ప్యాకెట్టు కావాలంటే నాకే ఫోన్ చేస్తుంది. షాపువాడు నల్ల కవర్లో దాచబోతే వద్దని, చేత్తో పట్టుకునే తెస్తాను. మొన్న ఇస్తూ, తడవకున్నా కొన్ని గంటలకోసారి మార్చాలని, కాగితంలో చుట్టి చెత్తబుట్టలోనే వెయ్యాలని, చేతులు కడుక్కోవాలని ఉపన్యాసం దంచాను. ఆనాటి నన్ను తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటూ, "గివన్ని తెలుసుకోనీకి నాకెంత తిప్పలైందో ఎరికేనా బిడ్డా?" అన్నాను.

అది ప్యాకెట్టు అందుకుని, "ఎనిమిదో క్లాసు పుస్తకంల అన్ని ఉన్నయి మామా. ఏడో క్లాసులనే నువ్వు బడి బందు పెట్టకుంటే నీకు గంత తిప్పలే లేకుండె," అంది.