డబ్లిన్ కథకు పట్టాభిషేకం ఎవరికి?

గౌరమ్మకు నోరూ ఊరుకోదు, కాలూ ఊరుకోదు. ఎండాకాలం వచ్చి పుంగనూరు చుట్టుపక్కల ఊళ్ళల్లో భారతం ఉత్సవాలు మొదలైతే చాలు, కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, మిట్టమధ్యాహ్నం హరికథకు నిలబడుతుంది. రాత్రి నాటకం ఆడేవాళ్ళు వేరు, పగటి కథ మాత్రం ఆమెది. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చే చోట ఆమె గొంతు పెంచిందంటే, ముందు వరసలోని ఆడవాళ్ళు దుశ్శాసనుణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిడతారు. అట్లాంటి మనిషి ఒకరోజు ఉన్నట్టుండి ఐర్లాండు దేశపు డబ్లిన్ పట్నం కథ చెబుతానని తాంబూలం పుచ్చుకుంది. ధైర్యం అంటే అదీ!

తాంబూలం ఇచ్చింది మాధవి. మదనపల్లెలో ఒక కాలేజీలో చరిత్ర పాఠాలు చెబుతుంది. వందేళ్ళ కిందట ఐర్లాండు నుంచి వచ్చిన దంపతులు మదనపల్లెలో ఉండి పిల్లలకు చదువు చెప్పారట. వాళ్ళు తిరిగిన చోటు చూడాలని ఇప్పుడు డబ్లిన్ నుంచి కొందరు పంతుళ్ళు వస్తున్నారు. వచ్చినవాళ్ళకు శాలువా కప్పి బొకే ఇస్తే ఏం గొప్ప? వాళ్ళ ఊరి కథ వాళ్ళకే హరికథగా చెప్పిస్తే ఎట్లుంటుంది? మాధవికి ఆ ఆలోచన వచ్చిన మరునాడే పుంగనూరు బస్సెక్కేసింది.

"నీ వల్ల అయితాదా అక్కా?" అని అడిగింది.

"నా వల్ల కాకుంటే ఇంగెవురి వల్ల అయితాదమ్మా?" అంటూ గౌరమ్మ పళ్ళెంలోని తాంబూలం కళ్ళకద్దుకుంది.

కొట్టంలో పాలు పిండుతున్న ఆమె మొగుడు నారాయణస్వామి అక్కణ్ణుంచే నవ్వాడు. "ఆ దేశం యాడుండాదో తెలీదు గానీ, తాంబూలం మాత్రం లటుక్కున తీసుకునె!"

"యాడుంటే నీకెందుకయ్యా? నువ్వేమన్నా నడిచి పోవల్లనా?" అంది గౌరమ్మ. కానీ సంబరానికి ఆమెకు కాళ్ళు నిలవడం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చెప్పిన కథే చెప్పిన మనిషికి ఒక కొత్త ఊరు, కొత్త యుద్ధం, కొత్త ఏడుపు దొరికాయి. సంతోషం కాదూ మరి!

ఆ రోజు మొదలు మాధవి ఫోన్లో కథ చెప్పడం, గౌరమ్మ దాన్ని దరువుల్లోకి దించడం. ఎప్పుడో ఓడల మీద వచ్చిన దోపిడీగాళ్ళు ఒక నల్లమడుగు పక్కన దిగి ఊరు కట్టారట. వాళ్ళ భాషలో నల్లమడుగు అనే మాటే డబ్లిన్ అనే పేరైంది. ఊరి నడుమ లిఫీ అని ఏరు పారుతుంది. అక్కడొక పెద్ద కచ్చేరీ గోడ మీద ఆ దేశపు నదులకన్నిటికీ ముఖాలు చెక్కితే, వాటిల్లో ఆడముఖం లిఫీది ఒక్కటేనట. ఆ మాట విన్నంతనే గౌరమ్మ ఎగిరి గంతేసింది.

"గంగమ్మే! మన గంగమ్మే ఆడికి పోయుండాదమ్మా! సరే సరే, ఇంగ చెప్పు."

ఇంక ఉర్లగడ్డ కరువు. అక్కడి బీదలకు ఆ బంగాళాదుంపే కూడు. భూమిలోనే గడ్డలు కుళ్ళిపోతుంటే, ఆకలితో జనం రాలిపోతుంటే, ధాన్యం మూటలు మాత్రం రేవు నుంచి ఓడలెక్కి, వాళ్ళను ఏలే ఇంగ్లండుకు పోయాయట. టమోటాకు తెగులొస్తే ఎట్లుంటుందో గౌరమ్మకు తెలుసు. తోటలోకి పోవడానికే మనసు రాదు. ఆ పూట ఆమె సంగటి ముద్ద ముందు పెట్టుకుని తినలేక కూర్చుంది.

ఆ తరువాత తిరుగుబాటు. ఈస్టరు పండగ నాళ్ళలో కొంతమంది చదువుకున్నవాళ్ళు, పంతుళ్ళు, కూలీలు, ఆడవాళ్ళు కూడా తుపాకులు పట్టుకుని ఊరి నడిబొడ్డున ఉన్న తపాలాఫీసును ఆక్రమించి, మా దేశం మాదే అని చాటేశారు. గౌరమ్మకు ఒళ్ళు పులకరించింది.

"భలే! భలే! గెలిసినాక రాజెవురమ్మా? పట్టాభిషేకం ఎవురికి?"

"గెలవలేదక్కా. వారానికంతా లొంగిపోయినారు. ఇంగ్లీషోళ్ళు నాయకుల్ని ఒకరెనక ఒకర్ని కాల్సేసినారు."

"తరవాతన్నా?"

"కొన్నేండ్లకు ఇంగ్లీషోళ్ళ కోట చేతికొచ్చింది. రాంగానే వాళ్ళల్లో వాళ్ళే కొట్టుకున్నారు. ఇప్పుడైతే రాజే లేడు. రాజు వద్దనే కదా వాళ్ళు పోరాడింది!"

అయ్యో దేవుడా, గౌరమ్మ ఎంత పని చేసింది!

ఆమెకు కథ నేర్పింది తండ్రి ఆదెప్ప. ఆయన నేర్పిన మొదటి పాఠం రాగం కాదు, తాళం కాదు. తాంబూలం పుచ్చుకునే ముందు, "పట్టాభిషేకం ఎవరికి?" అని అడగాలి. చావు దగ్గర కథ ఆపితే ఆ చావు విన్నవాళ్ళ వెంట ఇంటికి పోతుంది. అందుకే దుర్యోధనుడు పడిన రోజునే ధర్మరాజుకు కిరీటం పెట్టి, అక్షింతలు చల్లి, మంగళం పాడి జనాన్ని పంపాలి. అట్లా చెయ్యలేని భాగవతారు అక్కడికక్కడే గజ్జె విప్పెయ్యాలి, మళ్ళీ కట్టకూడదు. ఆదెప్పతో కలిసి కథలు చెప్పిన ఒకాయన అభిమన్యుడి చావు దగ్గర వానొచ్చి కథ ఆగిపోతే గజ్జె విప్పి, చనిపోయేదాకా చిడత ముట్టలేదు. ఇదంతా ఎరిగుండి కూడా గౌరమ్మ కొత్త కథ సంబరంలో అడగడం మరిచింది. తీసుకున్న తాంబూలం తిరిగిచ్చే అలవాటు ఆ వంశంలో లేదు.

"ఆడికే ఆపేస్తే సరిపోదా అక్కా? వాళ్ళకేం తెలుస్తాది?" అంది మాధవి.

గౌరమ్మకు కోపం నషాళానికెక్కింది. "వాళ్ళకు తెలీకపోతే పోనీ, నా కాళ్ళకు తెల్దా?"

అప్పుడామె కుప్పం దగ్గర శాంతిపురం భారతంలో కథ చెబుతోంది. ఎట్లయితే అట్లయింది, చివర ధర్మరాజు పట్టాభిషేకం ఎట్లాగూ ఉందని, కర్ణుడి కథ మధ్యలో డబ్లిన్‌ను పిట్టకథగా దూర్చేసింది. జనం మొదట నోళ్ళు తెరిచారు. తరువాత ముందుకు జరిగారు. రాళ్ళ క్వారీలో పనిచేసే మారప్ప నిలబడి, "తపాలాఫీసునే యాల పట్టుకున్నారమ్మా? కోటను పట్టుకోవల్ల గదా?" అని అడిగాడు.

"తంతి పొయ్యేది ఆణ్ణుంచే గదప్పా! ఊరి నోరు పట్టుకున్నట్టు!" అనగానే ఈలలే ఈలలు.

ఆ ఊపులోనే, పట్టాభిషేకం ఎవరికి చెయ్యాలో మీరే చెప్పండని జనాన్నే అడిగేసింది. మారప్ప, చచ్చిన నాయకులకు పెట్టమన్నాడు. ఇంకెవరో ఆ లిఫీ గంగమ్మకే పెట్టమన్నారు. ముందు వరసలోని మునెమ్మ అనే ముసలామె మాత్రం తల అడ్డంగా ఆడించింది. "సచ్చినోళ్ళకు దండేస్తారు గానీ కిరీటం పెడతారా? కిరీటం పెట్టినోడు తెల్లారి లేసి కూడు పెట్టల్లమ్మా!"

అట్లా కూడు పెట్టే రాజు మదనపల్లెకు పొయ్యే రోజు దాకా గౌరమ్మకు దొరకలేదు.

ఆ రోజు నారాయణస్వామి ఆమెను టీవీఎస్ మీద ఎక్కించుకుని మదనపల్లెకు తీసుకొచ్చాడు. దారిలో, "ఏమ్మే, గజ్జె నిజంగా ఇప్పేస్తావా?" అని అడిగాడు. "ఇప్పేస్తా," అంది ఆమె. ఈసారి ఆయన నవ్వలేదు.

హాలు కిక్కిరిసిపోయింది. పిల్లలు, పంతుళ్ళు, టమోటా మార్కెట్టు నుంచి వచ్చిన జనం, ముందు కుర్చీల్లో డబ్లిన్ వాళ్ళు. నారాయణస్వామి వెనక తలుపు దగ్గర కూర్చున్నాడు. ఎప్పుడూ ఆమె కథకు వాయించే మునెయ్య మృదంగం మీద దరువు వెయ్యడమేమిటి, గౌరమ్మ బెరుకంతా ఎగిరిపోయింది! నల్లమడుగులో ఓడలు దించింది. "లిఫీ గంగమ్మకు గోవిందా!" అని అరిస్తే, మాధవి మైకులో ఇంగ్లీషు చెప్పేలోపే డబ్లిన్ వాళ్ళు కూడా "గోవిందా" అనేశారు. కరువులో గడ్డలు కుళ్ళబెట్టింది, ధాన్యం మూటలు ఓడలెక్కించింది. తపాలాఫీసు తగలబడింది. తిరుగుబాటుదార్లు గోడలకు కన్నాలు పెట్టుకుంటూ కూరగాయలమ్మే వీధికి చేరి, అక్కడ ఆయుధాలు దించారని చెబితే మార్కెట్టు జనం అయ్యో అన్నారు. ఆఖరికి తుపాకులు పేలాయి, నాయకులు పడిపోయారు. మృదంగం ఆగింది.

ఇంక కథ లేదు. గౌరమ్మ వంగి గజ్జె ముడి మీద చెయ్యి వేసింది. వేసిందే గానీ విప్పడానికి ప్రాణం ఒప్పలేదు. లేచి నేరుగా ముందు కుర్చీల వైపు తిరిగింది.

"అమ్మా, మీ ఊరి కత మీకు చెప్తాండా. కిరీటం ఎవురికి పెట్టల్లో నాకు తెలీకుండా ఉండాది. మీ ఊరోళ్ళు ఇండ్లల్లో చెప్పుకుంటారే, కూడు పెట్టినోడు, అట్లాంటోడు ఒక్కడన్నా ఉంటే చెప్పండి తల్లీ!"

మాధవి ఇంగ్లీషులో చెప్పింది. డబ్లిన్ వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళల్లో మోరా అనే నెరిసిన జుట్టు పంతులమ్మ నవ్వుతూ లేచి, గబగబా ఏదో చెప్పింది. మాధవి కళ్ళు ఇంతింతయ్యాయి.

"అక్కా, ఊరి నడుమ ఒక తోట ఉందంట. ఒక పక్క మేడలో తిరుగుబాటుదార్లు, ఎదురుగా హోటలు మీద సిపాయిలు. నడుమ తోటలో చెరువు, చెరువులో బాతులు. తోట చూసుకునే ఆయన బాతులకు మేత వెయ్యడానికి వస్తే, ఆయన వేసి పొయ్యేదాకా రెండు పక్కలా తుపాకులు ఆపేసేవాళ్ళంట!"

అంతే, గౌరమ్మ వేసిన కేకకు పైకప్పు అదిరింది.

"దొరికినాడు! రాజు దొరికినాడు! కొట్టు మునెయ్యా!"

దరువు దూకింది. తుపాకుల నడుమ గింజల బుట్ట చంకనేసుకుని నడిచొచ్చిన మహారాజును ఆమె అప్పటికప్పుడు పద్యంలో నిలబెట్టింది. బాతులు క్వాక్ క్వాక్‌మని జేజేలు కొట్టాయి. పిల్లలు బల్లలు చరిచారు. ఇంక పట్టాభిషేకానికి పీట వెయ్యాలి, రాజు వేషానికి జనంలోంచి ఒకణ్ణి కూర్చోబెట్టాలి. అది ఆనవాయితీ. గౌరమ్మ చూపు తలుపు దగ్గరికి పోయింది.

"ఏమయ్యా, రా ఈడికి!"

"నేనెందుకుమే?" నారాయణస్వామి కంగారుగా అటూ ఇటూ చూశాడు.

"నేను ఊరూరా తిరిగి యుద్ధాలు చెప్తా ఉంటే, ఇంట్లో ఆవులు ఒక్క పూటన్నా పస్తుండాయా? ఎవురేసినారు మేత? ఇన్నేండ్లూ ఒక్క మంచి మాట చెప్పలేదు నీకు. ఈ పొద్దు ఇంతమంది ముందర చెప్తాండా. రా!"

మార్కెట్టు జనం ఆయన్ను రెక్కలు పట్టి లేపుకొచ్చారు. గౌరమ్మ తన మెడలోని దండ తీసి మొగుడి మెడలో వేసింది. ఆయన భుజం మీది తువ్వాలునే తలపాగా చుట్టింది. మోరా అక్షింతలు అందుకుని అందరికంటే ముందు చల్లింది, చల్లుతూ కళ్ళు తుడుచుకుంది. గౌరమ్మ గొంతెత్తి మంగళం అందుకుంది. అట్లాంటి మంగళం ఆమె ఎన్నడూ పాడలేదు.

నారాయణస్వామి అక్షింతల కింద తలొంచుకుని కూర్చున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. పాట చివరికొస్తుండగా, ఆమెకొక్కదానికే వినపడేట్టు గొణిగాడు.

"బిన్నా ముగించుమే. పొద్దు పోతాండాది, ఆవులు ఎదురు సూస్తాంటాయి."

గౌరమ్మ నవ్వాపుకోలేక ఒక్కసారి కాలు విదిలించింది, గజ్జె ఘల్లుమంది.