కడిగిన రాళ్ళు

మొన్న తార్నాక మెట్రో స్టేషన్లో నా ముందు నిలబడ్డ అమ్మాయి వీపున తన ఎత్తులో సగం ఉన్న సంచీ ఒకటి ఉంది. స్కానర్లోంచి బయటికొచ్చిన ఆ సంచీని సెక్యూరిటీ ఆవిడ ఎత్తబోయి, ఎత్తలేక, "ఏమున్నయమ్మా ఇంత బరువు?" అని అడిగింది. "నీళ్ళ సీసాలు ఆంటీ. వచ్చే నెల హిమాలయాలకి ట్రెక్కింగ్ పోతున్న. బరువు మోసుడు ప్రాక్టీస్ చేస్తున్న" అంది ఆ పిల్ల తడుముకోకుండా. ఆవిడ నవ్వి పంపించేసింది. నేను మాత్రం వెనకవాళ్ళు "జరగండి మేడమ్" అని రెండుసార్లు అనేదాకా అక్కడే నిలబడిపోయాను. నీళ్ళ సీసాలు. దాహమేస్తే తాగొచ్చు, బరువనిపిస్తే పారబోయొచ్చు, ఎవరైనా అడిగితే దర్జాగా చూపించొచ్చు. కెమిస్ట్రీలో డాక్టరేటు పుచ్చుకుని, జీవితమంతా గాజు సీసాల మధ్య గడిపినదాన్ని, నాకీ బుద్ధి ఎందుకు పుట్టలేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులవి. మాది తెనాలి వైపు. నాన్న ఉద్యోగం కోసం నా చిన్నప్పుడే హైదరాబాదు వచ్చి తార్నాకలో స్థిరపడ్డాం. నేను ఇక్కడే చదివి, ఇంటికి దగ్గర్లోనే ఒక పరిశోధన సంస్థలో చేరాను. పెళ్ళి చేసుకోలేదు, ఆ కథ వేరు. ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు, మరదలు. మరదలంటే తమ్ముడి భార్య. వాడు ప్రేమించి చేసుకున్న ఆ అమ్మాయిది జనగామ దగ్గర పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. యూనివర్సిటీలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తూ ఉండేది. ఉద్యమంలో ఊరేగింపులకు వెళ్ళేది, పాటలు పాడేది, రాత్రి ఇంటికొచ్చి అమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలిచేది. అమ్మకు ఆ అమ్మాయంటే ప్రాణం, ఉద్యమమంటే గుబులు. ఈ రెంటి మధ్య ఇరుక్కున్న మా తమ్ముడు ఆ రోజుల్లో టీవీలో వార్తలన్నీ మ్యూట్‌లో చూసేవాడు.

నలభై దాటిన నాకు హిమాలయాల పిచ్చి ఎలా పట్టిందో చెప్పడం కష్టం. మా ల్యాబులో ఒకతను వెళ్ళొచ్చి ఫొటోలు చూపించాడు, అంతే. పద్నాలుగు వేల అడుగుల ఎత్తున ఒక కనుమ, చుట్టూ మంచు, మధ్యలో బొద్దుగా స్వెట్టర్లు తొడుక్కున్న మనుషులు. ఆ బొద్దు మనుషుల్లో నేనూ ఉండాలనిపించింది. అప్పటికే మెట్లు దిగుతుంటే ఎడమ మోకాలు చిన్నగా మూలిగేది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరు సంతకం పెడుతూనే, "వెళ్తే ఈ ఏడాదే వెళ్ళండి, తర్వాత నన్నడగొద్దు" అన్నాడు. ఇక అమ్మ సంగతి సరేసరి. "ఒక్కదానివీ వెళ్ళడమేమిటే, అక్కడ కాలు జారితే పట్టుకునేదెవరు?" అని పట్టుబట్టింది. అప్పుడు మరదలే అంది, "నేను పోత అత్తమ్మా వదినతోని. నాకూ ఎప్పటిసంది చూడాల్నని ఉన్నది" అని. ఇంట్లో ఒకే టీవీ ముందు రెండు వైపులుగా కూర్చోవలసి వచ్చిన మేమిద్దరం కలిసి పెట్టుకున్న ఒకే ఒక్క పని ఆ ప్రయాణం. మే నెలాఖరుకు టిక్కెట్లు తీశాం.

అక్కడి నుంచి మొదలయ్యాయి నా కష్టాలు. బూట్లు కొందామని సెలవు పెడితే ఆ రోజు బందు. రెయిన్‌కోటు కోసం బయల్దేరితే రాస్తారోకో. మా కాలనీలో జనం ఒకరినొకరు పలకరించుకోవడమే "రేపు బందా?" అని. నా పాలిట బందుల సమాచార కేంద్రం మా మరదలే. ఓసారి విసుగెత్తి, "మీ బందును గురువారానికి జరుపుకోకూడదటే, బుధవారం నాకు సెలవు" అన్నాను. "సరే వదినా, జేఏసీల అడిగి చెప్త" అంది, నవ్వకుండా. ఆఖరికి ఒక బందు రోజునే ఆబిడ్స్‌లో సగం దించిన షట్టరు కిందనుంచి వంగి దూరి, సెల్‌ఫోను వెలుగులో ట్రెక్కింగ్ బూట్లు తొడిగి చూసుకుని కొనేశాను. ఇంటికొచ్చి చూస్తే ఒకటి ఏడో నంబరు, రెండోది ఎనిమిది. మార్చుకుందామని రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ షట్టరు పూర్తిగా దించి ఉంది. "పెద్ద దాంట్ల రెండు సాక్సులు తొడుగు, మంచుల ఎవ్వలు చూస్తరు?" అని మరదలు తీర్పు చెప్పింది.

సర్దుకోవడం ఇంకో ప్రహసనం. ఒక్కొక్కరూ ఎనిమిది కిలోలు దాటకూడదని ట్రెక్కింగ్ వాళ్ళు ముందే చెప్పారు. అమ్మ ఆవకాయ జాడీ, కందిపొడి, రెండు రకాల కారప్పూస పెట్టేసరికే ఐదు అయ్యాయి. మరదలి వాళ్ళమ్మ ఊరి నుంచి మలీద ముద్దలు పంపింది. రొట్టెను నలిపి బెల్లం వేసి కట్టిన ఆ ముద్దలు కొండలెక్కడానికి నిజంగా పనికొచ్చేవే, కానీ ఒక్కో ముద్ద క్రికెట్ బంతంత ఉంది. ఆవిడ ఫోనులో, "గాడ బాగ ఇగం పెడ్తదట కద, పైలం" అని మా అమ్మకు మరీ మరీ చెప్పింది. ఇగం అంటే వణికించే చలి. మా అమ్మ మాత్రం అదేదో కొండల్లో పట్టుకునే జబ్బనుకుని, కంగారుగా మందుల షాపుకు వెళ్ళి "ఇగానికి మాత్రలు" అడిగింది. నలభై డిగ్రీల ఎండలో, కరెంటు పోయిన గదిలో, ఉన్ని టోపీలూ చేతితొడుగులూ పరుపు మీద పరుచుకుని చెమటలు కక్కుతూ ఈ కథ వింటూ మేమిద్దరం నవ్విన నవ్వు ఆ నెలలో నాకు మిగిలిన ఒకే ఒక్క మంచి జ్ఞాపకం.

బరువు మోస్తూ నడవడం రోజూ సాధన చెయ్యాలన్నది ఇంకో నిబంధన. యూనివర్సిటీ రోడ్లంత బాగా నడవడానికి మరే రోడ్లూ ఉండవు, చెట్ల నీడ, మధ్య మధ్య ఎత్తుపల్లాలు. తెల్లారగానే బయల్దేరేవాళ్ళం. మొదట సంచుల్లో బియ్యం నింపుకున్నాం. ఇంట్లో తిండిగింజలు వీపున వేసుకుని ఊరేగడం అరిష్టమని అమ్మ ఆపించింది. తర్వాత మరదలి పుస్తకాలు పెట్టుకుంటే చరిత్ర అంచులన్నీ నలిగిపోయాయి. అప్పుడు నాకు మహా గొప్ప ఆలోచన వచ్చింది. హాస్టళ్ళ వెనక కొత్త భవనం కడుతున్నచోట రాళ్ళు కుప్పలు పోసి ఉన్నాయి. పెద్ద రాళ్ళయితే వీపుకు గుచ్చుకుంటాయని పిడికిట్లో పట్టేంతటివి, గుండ్రనివి ఏరాను. మట్టికి సంచీ పాడవుతుందని ఇంటికి తెచ్చి శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పాత తువ్వాళ్ళలో చుట్టి చెరిసగం సర్దాను. యూనివర్సిటీ చుట్టూ ముళ్ళకంచెలు వేసి ఉన్నాయనీ, విద్యార్థులు రాళ్ళు రువ్వుతున్నారనీ రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాను. చూసిన దానికీ చేస్తున్న దానికీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. మరదలికీ తట్టలేదు, అది ఇంకా విచిత్రం.

నాలుగైదు రోజులు ఆ రాళ్ళతో బాగానే నడిచాం. ఆ తర్వాత ఒక పొద్దున, ముందురోజు సాయంత్రం పేల్చిన బాష్పవాయువు ఘాటు ఇంకా గాలిలో ఉండగా, గేటు దగ్గర పోలీసులు ఆపారు. ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడే. ముందు నా సంచీ తెరిపించాడు. తువ్వాలు విప్పి, రాయి ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "కడిగి మరీ తెచ్చారా మేడమ్?" అన్నాడు. నేను ట్రెక్కింగు గురించి, బరువు గురించి, ఎనిమిది కిలోల గురించి గడగడా చెప్పాను. ఆయన అంతా విని, "సొంతూరెక్కడండి?" అని అడిగాడు. "తెనాలి దగ్గరండి" అన్నాను. రాయి తువ్వాల్లో పెట్టి, సంచీ జిప్పు తనే వేసి, "ఇలాంటి రోజుల్లో ఇటువైపు రాకండి మేడమ్" అన్నాడు. అయిపోయిందనుకున్నాను.

తర్వాత మరదలి సంచీ. అవే రాళ్ళు, తువ్వాళ్ళు కూడా ఒకే జత. "ఏంది సార్, వదిన చెప్పింది కదా, మా ఇద్దరివి ఒక్కటే. నడిచేటందుకు తెచ్చుకున్నం" అంది తను. ఇన్‌స్పెక్టరు మొహం మారిపోయింది. ఐడీ కార్డు అడిగాడు. యూనివర్సిటీ విద్యార్థి. "ఎక్కించండి" అన్నాడు కానిస్టేబుల్‌తో. నేను అడ్డం వెళ్ళాను. "ఆ రాళ్ళు ఏరింది నేనండి, కడిగింది నేనండి, నా సంచీలోనూ అవే ఉన్నాయండి" అన్నాను. "మీరు వాకింగుకే తెచ్చుకున్నారు మేడమ్, నేను నమ్ముతున్నాను" అన్నాడు. "ఆమె మా తమ్ముడి భార్యండి." ఆయన నన్నూ తననూ మార్చి మార్చి చూసి, "మీ మాటకీ ఆమె మాటకీ పొంతన కుదరట్లేదు మేడమ్, అనవసరంగా ఎవరినో కాపాడాలని చూడకండి" అన్నాడు. నన్ను నమ్మినందుకు ఒక మనిషి మీద అంత కోపం నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఆటోలో వెనకే పోలీస్ స్టేషనుకు వెళ్ళాను. నా సంచీ బల్ల మీద పెట్టి, నా మీదా కేసు పెట్టమన్నాను. "మీకెందుకు మేడమ్ ఇవన్నీ" అంటూ కుర్చీ వేసి టీ తెప్పించారు. మరదలిని లోపల బెంచీ మీద కూర్చోబెట్టారు. టీ తాగలేదు. నేను తాగకపోవడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు, చల్లారి మీగడ కట్టింది. మర్యాద అడ్డొస్తోందేమోనని నేను కూడా తన యాసలో "ఏంది సార్, ఎందుకు ఇడుస్తలేరు" అని ఒక మాట అని చూశాను. అరువు తెచ్చుకున్న జాకెట్టులా ఉంది నా నోట్లో ఆ మాట. కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. తమ్ముడు వచ్చి, మరదలి పీహెచ్‌డీ గైడు వచ్చి, ఎవరెవరో ఫోన్లు చేసి, సాయంత్రానికి పంపించారు. కానీ కేసు రాశారు. అది తేలేదాకా రాష్ట్రం దాటకూడదు, పిలిచినప్పుడల్లా రావాలి. మా రైలుకు ఇంకా వారం కూడా లేదు.

ఇంటికి ఆటోలో వస్తున్నాం. హబ్సిగూడ మలుపు దగ్గర మరదలు నెమ్మదిగా అంది. "గాయన నిన్ను నీ ఊరు అడిగిండు వదినా. నన్ను అడగనే లేదు. నోరు తెరవంగనే తెలిసిపోయింది నేనెవరో." మళ్ళీ తనే, "ఇప్పటిదాంక ఒక్క రాయి ఇసరలే నేను. ఇసిరినా బాగుండు" అంది. అంటూ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. పోలీసుల మీద, ఉద్యమం మీద, ఉద్యమాన్ని రేపు మాపంటూ నానబెడుతున్న పెద్దమనుషుల మీద, ఆబిడ్స్ చెప్పుల షాపు మీద, పిడికిట్లో పట్టే రాళ్ళే చూసి ఏరుకున్న నా తెలివి మీద, అందరి మీదా కలిపి ఒకటే కోపం. ఎవరి మీద చూపించాలో తెలియక ఆటోవాడితో చార్జీ గురించి పోట్లాడాను.

"నువ్వు పో వదినా, నా కోసం ఎందుకు ఆగుడు" అని తను చాలాసార్లు చెప్పింది. అమ్మ కూడా మెత్తబడి, సరే ఒక్కదానివే వెళ్ళిరా అంది. వెళ్ళలేదు. తను ఇక్కడ పోలీస్ స్టేషను మెట్ల మీద కూర్చుని ఉంటే నేను అక్కడ మంచులో నిలబడి ఫొటోలు దిగడం నా వల్ల కాదు. మొండితనమనుకోండి, ఇంకేమైనా అనుకోండి. ప్రయాణం రోజున బందు లేదు, రైల్ రోకో లేదు, చినుకు కూడా లేదు. మా రైలు సికింద్రాబాదు నుంచి క్షణం ఆలస్యం లేకుండా బయల్దేరిందని తమ్ముడు కంప్యూటర్లో చూసి చెప్పాడు. వాణ్ణి ఎవరడిగారో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం మేమిద్దరం సంచులు విప్పి బట్టలు తీశాం. మరదలు స్వెట్టరూ, ఉన్ని టోపీ, చేతితొడుగులూ అన్నీ తొడుక్కుని, తిరగని ఫ్యాను కింద చెమటలు కారుస్తూ కూర్చుని, "మంచిగ ఉన్నది వదినా, ఇగం పెడ్తలేదు" అంది. ఇద్దరం మలీద ముద్దలు తిన్నాం. బెల్లం కరిగి వేళ్ళకు అంటుకుంటోంది.

కొన్నేళ్ళకు రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో అమ్మే పాయసం చేసింది, తమ్ముడు టీవీ సౌండు పెట్టాడు. ఆ తర్వాత కొంతకాలానికి కేసులు ఎత్తేశారు. అప్పటికి మరదలు వరంగల్‌లో లెక్చరరు, చంకలో పిల్ల. ఫోను చేసి, "ఇప్పుడు ఎవ్వలు ఆపరు వదినా, ఎప్పుడు పోదాం?" అని అడిగింది. ఆ పొద్దున్నే నేను డాక్టరు దగ్గర మోకాలి ఎక్స్‌రే చూసుకుని వచ్చాను. "పోదాం" అన్నాను. పిల్ల కొంచెం పెద్దదవ్వాలి అంది తను. అవనీ అన్నాను నేను. ఇప్పటికీ కలిసినప్పుడల్లా పోదామనే అనుకుంటాం, తను మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని దింపుతూ. ఆ మే నెలలో మమ్మల్ని ఓదార్చడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట అన్నారు, కొండ ఎక్కడికి పోతుందమ్మా, వచ్చే ఏడాది వెళ్ళొచ్చు అని. కొండ నిజంగానే ఎక్కడికీ పోలేదు. ఆ వచ్చే ఏడాదే ఎటు పోయిందో తెలియదు.