పార్కింగు చాలదన్నాను

నెల్లూరులో ఒక విదేశీ సంస్థ పెద్ద దుకాణం తెరిచినప్పుడు, ఇక్కడి జనం ఏం కొంటారో, ఎలా కొంటారో వాళ్లకు చెప్పే ఉద్యోగం నాకిచ్చారు. ఇక్కడి కంపెనీ ఒకదానితో కలిసి వాళ్లు ముత్తుకూరు రోడ్డులో స్థలం తీసుకున్నారు. కృష్ణపట్నం పోర్టులో, థర్మల్ ప్లాంట్లలో పనిచేసేవాళ్లు జీతాలు రాగానే నేరుగా మా దగ్గరికే వస్తారని వాళ్ల అంచనా. దానికి అందరికంటే ముందు తలూపింది నేనే.

నిజం చెప్పాలంటే, అప్పటికి నేను ఒక్క కొత్తిమీర కట్ట కూడా బేరమాడి కొన్నవాణ్ని కాదు. మాది వరి పండించే కుటుంబం. బియ్యం ఇంట్లోవే. మిగతావన్నీ అమ్మ చూసుకునేది. నేను చెన్నైలో హాస్టల్లో ఉండి ఎంబీఏ చదివాను. నెల్లూరు నాకు అరచేతిలో ఉందనే అనుకుంటూ తిరిగొచ్చాను. మేనేజరుగా వచ్చిన విదేశీయాయన రిపోర్టు అడిగితే, టీ కొట్టు దగ్గర నలుగురు స్నేహితులను విచారించి, నలభై పేజీలు రాసిచ్చాను. ఆ నలుగురిలో ఒక్కడికీ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియదు.

మేనేజరు మంచి మనిషి. యాభై దాటిన వయసు. ఎవరు కనబడినా "బాగున్నారా" అని అడిగి, జవాబు అర్థం కాకపోయినా చివరిదాకా వినేవాడు. వాళ్ల దేశంలో చేపను తోలూ ముల్లూ తీసేసి, ముక్కలుగా కోసి, పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి అమ్ముతారట. ఇక్కడ అలా పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. ఇక్కడి ఆడవాళ్లు చేపలు తోమి తోమి విసిగిపోయారనీ, తలా తోకా లేని ముక్కలిస్తే ఎగబడతారనీ చెప్పాను. అలా చెప్పే ముందు ఒక్క ఆడమనిషిని కూడా అడగలేదు.

తెరిచిన కొత్తలో జనం బాగానే వచ్చారు. ఏసీలో తిరిగారు, ట్రాలీల్లో పిల్లల్ని కూర్చోబెట్టి తోశారు, ఫోటోలు దిగారు, ఐస్‌క్రీములు కొనుక్కుని వెళ్లారు. చేపల దగ్గర మాత్రం మ్యూజియంలో నిలబడ్డట్టు చేతులు కట్టుకుని చూసి, పక్కకు జరిగేవాళ్లు. అలవాటు పడడానికి కొంత సమయం పడుతుందని నేను మేనేజరుకు చెబుతూ వచ్చాను.

ఒకరోజు అమ్మను తీసుకెళ్లాను. ఆవిడ ఒక చేపల ప్యాకెట్టు ఎత్తి, అటూ ఇటూ తిప్పింది.

"తల యాడుందిరా?"

తీసేశారనీ, నీకు పని తగ్గుతుందనీ చెప్పాను. తల లేకుండా పులుసు ఎట్టా పెడతారని అడిగింది. ముల్లు లేని ముక్క పులుసులో విరిగిపోయి గుజ్జవుతుందని చెప్పింది. ఎప్పటి చేపో ఎట్టా తెలుస్తుందంటే, ప్యాకెట్టు మీద తేదీ చూపించాను.

"ఈ తేదీ ఎవురేసినారు?"

"మేమే అమ్మా."

అమ్మ ప్యాకెట్టు ఉన్నచోట పెట్టేసి, నా మొహం చూసి ఒక ప్లాస్టిక్ బకెట్టు కొంది. ఇంట్లో అప్పటికే మూడున్నాయి.

మా ఇంటికి చేపలు ఎప్పుడూ చేపలమ్మే ఒకే అక్క దగ్గర్నుంచి వచ్చేవి. ఇందుకూరుపేట అవతల సముద్రపు ఒడ్డున వాళ్ల ఊరు. తెల్లారి మొదటి బస్సుకు తట్టతో వచ్చి, నెల్లూరులో మైపాడు రోడ్డు మొదట్లో కూర్చునేది. అమ్మ ముందే ఫోన్ చేస్తే చేప తీసిపెట్టేది. సంచి పట్టుకెళ్లి తేవడమే నా పని. మా దుకాణం తెరిచాక కూడా ఆ పని మానలేదు. మెడలోని కంపెనీ కార్డును చొక్కా లోపలికి తోసుకుని వెళ్లేవాణ్ని.

ఒక ఆదివారం ఉదయం కార్డు తొయ్యడం మరిచిపోయాను. అక్క చేప కోస్తుండగా వెనక కారు ఆగింది. మైపాడు సముద్రానికి వెళ్లి తిరిగొస్తున్న మా మేనేజరు దిగాడు. ఇక్కడేం చేస్తున్నావని అడిగాడు. మార్కెట్ సర్వే అన్నాను.

ఆయన నమ్మాడు. నమ్మడమే కాదు, ప్యాంటు పైకి లాక్కుని, తానూ సర్వే చేస్తానని నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. అక్కకు ఏమనిపించిందో, ఒక వంజరం ఎత్తి మొప్ప తెరిచి చూపించింది. ఎర్రగా ఉంది. ఆయన వేలు పట్టుకుని చేప ఒంటి మీద నొక్కించింది. నొక్కిన చోట పల్లం పడలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. ఎక్కడి నుంచి ఎలా వస్తుందో నా చేత అడిగించి, తట్టతో బస్సులో వస్తుందని విని ఆశ్చర్యపోయాడు. మా దుకాణంలో చేపలు ఎందుకు కొనరో ఈమెను అడుగు అన్నాడు. అడిగాను.

"మీ కాడ కొన్న చేప బాగలేకపోతే ఎవుర్ని తిట్టాల అబ్బయా?" అంది అక్క, కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండా. "నన్నయితే మర్నాడు ఈడికే వచ్చి తిడతారు. మీ ప్యాకెట్టుని తిడితే అది పలకతాదా?"

మేనేజరు నా వైపు చూశాడు. ఆ మాట ఉన్నదున్నట్టు చెబితే నా నలభై పేజీలూ ఆ రోడ్డు మీదే ఎగిరిపోతాయి. పార్కింగు చాలదంటోందని చెప్పాను.

రెండు నెలల్లో పక్క స్థలం కూడా తీసుకుని, చదును చేసి, గచ్చు వేసి, తెల్లగీతలు గీశారు. కార్లు మాత్రం రాలేదు. కోతలప్పుడు చుట్టుపక్కల రైతులు వచ్చి అందులో వడ్లు ఆరబోసుకున్నారు. మేనేజరు ఆ వడ్లను కాసేపు చూసి, "ఆమె బస్సులో కదా వస్తుంది, పార్కింగు గురించి ఆమెకెందుకు?" అని నెమ్మదిగా అడిగాడు.

అప్పుడు చెప్పేశాను. ఆమె అన్న మాట ఒక్కటి కూడా పోకుండా మళ్లీ చెప్పమన్నాడు. చెబుతుంటే నోట్‌బుక్కులో రాసుకున్నాడు. తనకు కోపం రాలేదని అనుకోవద్దన్నాడు. ఆ రోజు నేను చిన్నబోయినంతగా మరెప్పుడూ చిన్నబోలేదు.

మర్నాడే ఇద్దరం వెళ్లి అక్కను మా దుకాణంలో కూర్చోమని బతిమాలాం. నెల జీతం అన్నాం. చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. ఐసు నింపిన బల్ల, తలలతో సహా మొత్తం చేపలు, ఆమె కత్తిపీట, అన్నీ పెట్టాం. మొదటిరోజు ఆమె వాడుకదారులు వెతుక్కుంటూ వచ్చారు. మేనేజరు ఆనందం పట్టలేక అందరినీ రెండేసి సార్లు బాగున్నారా అని అడిగాడు.

నాలుగో రోజు ఒకావిడ వంజరం అడిగితే, ఇవాళ్టిది అంత బాగలేదు, రేపు రమ్మని అక్క చెప్పి పంపేసింది. కొనడానికి వచ్చినవాళ్లను పంపెయ్యడం కంపెనీ పద్ధతి కాదని ఆమెను పక్కకు పిలిచి చెప్పిన మేధావిని నేనే. ఎంతో మర్యాదగా చెప్పాను. అయిదో రోజు ఆమె రాలేదు. మైపాడు రోడ్డుకు వెళ్తే ఎప్పటి చోటనే కూర్చుని ఉంది.

"కోపమేం లేదబ్బయా," అంది. "ఆడ ధరేమో కాయితం చెప్తాది, చేప సంగతి చెప్పబోతే నువ్వు వొద్దంటివి. ఇంక నేనెందుకు?"

ఏడాది తిరక్కుండానే దుకాణం మూతపడింది. ఇక్కడి మార్కెట్టు ఇంకా సిద్ధంగా లేదని వాళ్ల పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అది చదివి మేనేజరు, సిద్ధంగా లేనిది మనమే అన్నాడు. "మనం" అనడం ఆయన మంచితనం. వెళ్లే ముందు మా ఇంట్లో చేపల పులుసు తిన్నాడు. ముళ్లు తీసుకుంటూ గంటన్నర తిన్నాడు.

నేనిప్పుడు ముత్తుకూరులో ఒక క్యాంటీన్‌కు సరుకులు కొనే పనిలో ఉన్నాను. ఇంటి కూరగాయలు కూడా నేనే తెస్తానని అమ్మను ఒప్పించాను. పోయిన వారం తెచ్చిన వంకాయల్లో సగం పుచ్చులు. అమ్మ వాటిని సంచిలో వేసి, ఎవరి దగ్గర కొన్నానో అడిగి, చెప్పులు వేసుకుంది. నన్ను రావద్దంది.