పాఠంలోని పాలేరు

మొన్న ఆదివారం మా పక్కవాటా అమ్మాయి తన కూతురి హోంవర్కు పట్టుకుని వచ్చింది. కథలో ఫలానా మనిషి ఎలాంటివాడో రాయాలట, ఏ వాక్యం చూసి అలా అనుకున్నారో కూడా రాయాలట. "ఇదేదో కొత్త పద్ధతంట ఆంటీ, నాలుగో క్లాసు పిల్లలకి ఇంత అవసరమా?" అంది. నేను కాఫీ తాగుతూ నవ్వుకున్నాను. ఆ కొత్త పద్ధతి వల్లే డెబ్బైల్లో నా మొదటి ఉద్యోగం ఊడింది మరి.

ఉయ్యూరు అవతల కాలవ గట్టు మీద ఒక ఊళ్లో ఎయిడెడ్ బడి అది. మేనేజరు ఆ ఊరి కామందుగారే. బడి స్థలం ఆయన తండ్రి ఇచ్చింది, కుర్చీలు ఆయన చేయించినవి, మా హెడ్మాస్టారి భయం కూడా పూర్తిగా ఆయనకే చెందింది. విజయవాడలో ట్రైనింగ్ ముగించుకుని మూడో తరగతికి టెంపరరీ టీచరుగా వెళ్లాను. చెరకు ఆడే రోజుల్లో పాకం వాసన కిటికీలోంచి వచ్చి క్లాసులో కూర్చునేది. ఇక పిల్లల చూపు పుస్తకం మీద నిలిచేది కాదు. అయినా నాదొక మొండిపట్టు. కథలో ఎవరినైనా "మంచోడండి", "చెడ్డోడండి" అని ఊరికే అంటే ఒప్పుకునేదాన్ని కాదు. "ఏ వాక్యం చెప్పింది? వేలు పెట్టి చూపించు" అనేదాన్ని. కొన్నాళ్లకి ఆ అలవాటు నా మీదకే తిరిగింది. "టీచర్‌గారు ఇయ్యాల కోపంగా ఉన్నార్రా, సుద్దముక్క విరిగేట్టు రాస్తన్నారు" అని వెనక వరసలో గుసగుసలు. ఆధారం సరిగానే ఉండేది కనుక ఇంకో సుద్దముక్క తీసుకునేదాన్ని.

వాచకంలో ఒక పాలేరు కథ ఉండేది. వాడు కోడి కూయకముందే లేస్తాడు, ఎడ్లకు కుడితి పెడతాడు, పొలానికి నీళ్లు కడతాడు, గడ్డిమోపు మోసుకొస్తాడు. ఒక మధ్యాహ్నం గడ్డివామి నీడన కునుకు తీస్తాడు. యజమాని చూసి "సోమరీ!" అని తరిమేస్తాడు. కింద ప్రశ్న: పాలేరు ఎటువంటివాడు? ఆ బడిలో ఏళ్ల తరబడి దానికి ఒకటే జవాబు, సోమరి.

ఆ రోజు ముందు వరసలో ఒక పిల్ల లేచింది. వాళ్ల నాన్న కామందుగారి దగ్గర నిజంగానే పాలేరు. "సోమరని కథలో కామందు అన్నాడండి. పాలేరు చేసిన పన్లు చూస్తే అట్టా లేదు గదండీ" అంది. వెంటనే వత్తాసు పలికింది ఎవరనుకున్నారు? కామందుగారి అబ్బాయే. "అవునండి, కోడి కూయకముందే లేచాడని ఇక్కడుందండి" అని వేలు పెట్టాడు. ఇక క్లాసంతా వాక్యాల వేటలో పడింది.

వాడు ఆ సంగతి ఇంట్లో అన్నం దగ్గర చెప్పాడు. మర్నాడే కామందుగారు మా క్లాసులోకి వచ్చారు, వెనకే చేతులు నలుపుకుంటూ హెడ్మాస్టారు.

"ఏమ్మా టీచరమ్మా, పాలేళ్ల పక్షం నేర్పుతున్నావంట పిల్లలకి?"

"పక్షం కాదండి, చదవడం నేర్పుతున్నాను. వాడు సోమరి అనడానికి పాఠంలో ఆధారం చూపించండి, పిల్లల ముందే ఒప్పుకుంటాను."

వాచకం తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తేలేదన్నారు, కొడుకుని చదవమన్నారు. వాడు గట్టిగా చదువుకుంటూ పోయాడు. కునుకు దగ్గరకి రాగానే ఆయన "అదిగో, పడుకున్నాడా లేదా!" అన్నారు.

"మధ్యాన్నం నువ్వూ పడుకుంటావు గదా నాన్నా" అన్నాడు వాడు, ఎంతో మామూలుగా.

కామందుగారు కండువా దులుపుకుని వెళ్లిపోయారు. "బోర్డు మీద సోమరి అని ఒక్క ముక్క రాసెయ్యమ్మా, గొడవ వదిలిపోద్ది" అని హెడ్మాస్టారు బతిమాలారు. పాపం, మంచాయన. "రాయనండి" అన్నాను.

క్రిస్మస్ ముందు పరీక్షల్లో కామందుగారు పట్టుబట్టి ఆ ప్రశ్నే ఇప్పించారు. కష్టజీవి అని రాసి వాక్యం చూపినవాళ్లకి మార్కులు వేశాను. ఒకడు సోమరి అని రాసి కునుకు వాక్యం ఎత్తి చూపాడు, వాడికీ వేశాను. కామందుగారి అబ్బాయి ఇలా రాశాడు: "సోమరి. మా నాన్న అలా రాయమన్నాడు." అంత నిజాయితీ గల జవాబు నా సర్వీసులో మళ్లీ చూడలేదు. కానీ ఆధారం పాఠంలోది కాదు. సున్నా వేశాను.

సెలవుల తర్వాత రానక్కర్లేదన్నారు. బస్సు కోసం గట్టు మీద నిలబడ్డాను. ఏడుపు వస్తోంది; అంతకంటే ఎక్కువగా కోపం వస్తోంది. చెరకు బండి తోలుకొస్తూ ఆ పిల్ల తండ్రి నన్ను చూసి ఎడ్లను ఆపి దిగాడు.

"మా పిల్ల ఆ పాఠం చదివి ఇనిపించిందండి. మీరు మా గురించి మాట్టాడి ఉజ్జోగం పోగొట్టుకున్నారు."

"మీ గురించి కాదు, పాఠంలో ఉన్నదే మాట్లాడాను" అన్నాను.

"అదేనండి" అని నవ్వాడు. "మమ్మల్ని చూసినోళ్లు ఎవరూ ఉన్నది మాట్టాడరు."

తర్వాత విజయవాడలోనే వేరే బడిలో చేరి, రిటైరయ్యేదాకా అదే చెప్పాను, అలాగే చెప్పాను. ఇన్నేళ్లలో కాలం నా చేత ఎన్నో మాటలు వెనక్కి తీయించింది. "రాయనండి" అన్న ఆ ఒక్క మాట జోలికి మాత్రం దాన్ని రానివ్వలేదు.